తిరగబడ్డ అచ్చు

రూవీ సందులో మా పార్లర్ షట్టర్ సగం దించి
ఊడ్చిన జుట్టంతా సంచిలో కట్టేశాక
పెడిక్యూర్ బల్ల మీద పని మొదలుపెట్టాం.
టిగిస్ట్ గదిలో పెట్టె సర్దుకుంటోంది.
లెక్కలు మిగిలాయని దానికి అబద్ధం చెప్పాం.

కొంటే కార్డు ముప్పావు రియాలు.
ఒక గులాబీ, దాని కింద మెలికల ఇంగ్లీషు.
ఎవరికైనా ఇచ్చేయొచ్చు దాన్ని,
అందుకే ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు.

మాది ఖర్జూరాల పెట్టె మూత, లోపలివైపు.
కుముదిని దానికి కాఫీ మడ్డి పూసింది,
టిగిస్ట్ కాచిన కాఫీదే,
రెండ్రోజులు ఫ్రిజ్‌లో షాంపూ డబ్బా వెనక దాచి.
ఆరేసరికి అట్ట మూలలు లేచాయి,
ఎండకి పెచ్చులూడిన మట్టిగోడలా ఉంది.
బాగుంది అనుకున్నాం.

దాని మీద వాక్సింగ్ గుడ్డపీలికలు ఒక పొర.
జుట్టు రంగుకి చుట్టే రేకు
నలిపి, సాపుచేసి, మళ్ళీ నలిపి, ఇంకో పొర.
జిగురంటారా?
దొంగ కనురెప్పలు అతికించే జిగురే.
చెమటకి ఊడదు, ఏడ్చినా ఊడదు
అని పెళ్ళికూతుళ్ళకి చెప్పేది మేమే కదా.

మారితెస్ గోళ్ళకి పూలద్దే ఉక్కుబిళ్ళ తీసింది.
రంగు పోసి, అంచుతో గీకి,
మెత్తటి ముద్దతో పైకెత్తి
(రెప్పపాటు ఆలస్యమైతే ఆరిపోతుంది)
అట్ట మీద అద్దింది.
గోరంత పువ్వు.
మాటవరసకి కాదు, కొలిచి గోరంతే.
అలా నలభై గోళ్ళ పూలు పరిస్తే
అట్ట సగం తోటయింది.

పేపర్లో విమానం బొమ్మ బోర్లించి
వెనక అసిటోన్ రాసి చెంచాతో రుద్దాం.
ఒక రెక్క పేపర్‌కే ఉండిపోయింది.
"పర్లేదు, నెమ్మదిగా పోతుంది" అంది కుముదిని.

ఇక నా వంతు.
ఇక్కడ నేను మంగ.
మంగతాయారు అని మొత్తం పలకడం ఎవరివల్లా కాలేదు.
ఈజిప్టు వాళ్ళ మాటలో మంగ అంటే మామిడిపండట,
ఆ దేశపు కస్టమర్లు నవ్వుతారు.
పిఠాపురం దాన్ని, మామిడిపండంటే నాకేం చిన్నతనం?

పిల్లల రబ్బరొకటి కొని
కనుబొమలు దిద్దే బ్లేడుతో చెక్కాను:
వెళ్ళిరా.
మా భాషలో మంచిగా పొమ్మనాలంటే
రమ్మనక తప్పదు.
ళ కింద ళవత్తు తిప్పేటప్పుడు వేలు తెగింది.

ఎర్ర పాలిష్ పూసి
ఊపిరి బిగబట్టి నొక్కి
తీశాను.

తిరగబడింది.

అచ్చుకి అక్షరాన్ని తిప్పి చెక్కాలని
తెలీక కాదు, ఆ పూట మరిచాను.
తడితడిగా, కుడి నుంచి ఎడమకి
అరబ్బీ దారి పట్టి నడుస్తోంది నా తెలుగు.
ఇంకో పెట్టె లేదు.
తుడిస్తే కాఫీ పోతుంది, పూలు పోతాయి.
వేలి నెత్తురు, రంగు, ఏది ఏదో తెలీడం లేదు.

మారితెస్ ఏమీ అనలేదు.
కార్డు నా గుండెకి ఆనించి
భుజాలు పట్టి గోడవైపు తిప్పింది.
ఆరు కుర్చీల ముందు ఆరు అద్దాలు,
ఆరింటిలోనూ
తప్పు లేకుండా, ఒత్తుతో సహా
వెళ్ళిరా.

గురువారం టిగిస్ట్‌కి ఇచ్చి
అద్దం ముందు నిలబెట్టి అర్థం చెప్పాను.
దానికి తెలుగు తలా తోకా తెలీదు.
తన ముక్కు దగ్గర నుంచి విమానం ముక్కు దాకా
అన్నీ చూసుకుని
ఇటు తిరిగి అడిగింది:
"అద్దం లేకపోతే ఏమని చదవాలి?"

ఎడమ నుంచి వేలు పెట్టి చూశాను.
ముందు రా ఉంది.
వెళ్ళి ఆ తర్వాతే.

బయట టాక్సీ హారన్ కొడుతోంది.
పాలిష్ ఇంకా ఆరలేదేమోనని
కార్డుని పెట్టెలో పెట్టలేదు టిగిస్ట్.
అప్పుడే వేసిన గోళ్ళని ఊదుకున్నట్టు
ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ
ఎక్కి కూర్చుంది.