ఎడమ స్పీకరు

చీమకుర్తి నుంచి మోసుకొచ్చినవి రెండు గెలాక్సీ పలకలు,
మూల విరిగితే కొనేవాడు లేక చెత్తలో పడేసినవి.
స్పీకర్ల కింద వేశాను.
బల్ల వణికినంతకాలం మృదంగానికి అంచు లేదు,
ఇప్పుడు దెబ్బ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది.

అంతకుముందు గుయ్‌మని మోత.
పాట లేనప్పుడు కూడా, పెట్టెలో తేనెటీగ ఇరుక్కున్నట్టు.
కంప్యూటరే మార్చమన్నాడొకడు, వైరు మార్చమన్నాడొకడు.
బంగారు పూత పిన్నులకి మూడు వేలు పోశాను,
తేనెటీగ కదల్లేదు.
మస్తాన్ వలి వచ్చి, స్క్రూ ఒక్కటీ విప్పకుండా
తిన్నగా పెరట్లోకి నడిచాడు.
"ఎర్త్ గుంట బీడైపోయిందన్నా. నీళ్ళు పోసి ఎన్నేళ్ళయింది?"

మే నెల ఒంగోలు. కుళాయి మూడు రోజులకోసారి.
అయినా రెండు బిందెల నీళ్ళు, గోతాం అడుగున మిగిలిన బొగ్గు,
ఆవకాయకని దాచిన చినగంజాం కల్లుప్పు.
రవణమ్మ గడప మీద నిలబడి
"భూమికీ ఉప్పూ నీళ్ళూ పెట్టాల్నా ఏంది" అంది.
సాయంత్రానికి మోత పోయింది.
ఆ నిశ్శబ్దానికి మొదట భయమేసింది,
ఎవరో గదిలోకొచ్చి పలకరించకుండా నిలబడ్డట్టు.

ఇక పాటలు.
ఫోన్ల మీద ఫోన్లు దూకి పలచబడినవన్నీ తీసేశాను.
బావమరిది అటక మీది క్యాసెట్టు ఒకటి,
అద్దంకిలో నవమి పందిట్లో ఎవరో పట్టిన వయొలిన్ కచేరీ,
బిట్టు కూడా కుదించకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించాను.
ఎన్ని బయటికొచ్చాయో!
ఒకాయన దగ్గు, సోడా గోళీ లోపలికి పడ్డ చప్పుడు,
తాటాకు పందిరి గాలికి రాసుకోవడం,
కమాను వెనక్కి తిరిగేచోట
వాయించే మనిషి ముక్కుతో పీల్చిన గాలి.

కానీ ఎడమ పక్క నీరసం.
వైర్లు అటువి ఇటు మార్చాను. ఎడమే.
స్పీకర్లనే మార్చాను. ఎడమే.
గోడ తప్పేమోనని దుప్పటి కట్టాను,
బీరువా జరిపాను, నడుం పట్టేసింది. ఎడమే.
ఆఖరికి కుర్చీ తిప్పి
వాటికి వీపు పెట్టి కూర్చున్నాను.
ఇప్పుడు కుడి స్పీకరు నీరసించింది.

కోత మిషను పంతొమ్మిదేళ్ళు నా ఎడమచేతి వైపే ఉండేది.
దూది పెట్టుకోరా అనేవాడు మేస్త్రీ.
పెట్టుకుంటే, బ్లేడు బిగుసుకునే ముందు వేసే
సన్నటి కూత వినపడదు;
ఆ కూత వినే నా పదివేళ్ళు మిగిలాయి.
ఈ పలకల్లో ఒకటి నేను కోసిందే కావచ్చు.
నునుపు చేశాక రాళ్ళు ఎవరివో తెలియవు.

"ఏందయ్యా గోడకేసి చూస్తా కూచున్నావు?"
"ఇట్రా," అన్నాను, "ఈ పక్కన కూర్చో."
మళ్ళీ మొదట్నించీ పెట్టాను.
కంప్యూటర్‌లో ఎడమని పెంచే గీత ఒకటుంది,
దాన్ని ముట్టుకోలేదు.

కాసేపటికి రవణమ్మ తల వంచింది.
"ఈ మూల ఎవరో ఆడమనిషి
విసనకర్ర ఊపుతోంది. గాజులు."
"నాకు వినపళ్ళా. గాజువా, బంగారమా?"
"ఉండు," అంది, "విననీ."