కత్తెర పడ్డంత మేర

పెరామాలో ఆ చలికాలం
గాలికి వార్నిష్ వాసన.
హీటరుకి నూనె కొనలేని ఇళ్ళలో
కుర్చీలు కాలుతున్నాయి,
రాత్రికొక కోడు.

ఓడల మరమ్మతు రేవు గేటు ముందు
ఆరింటికల్లా నిలబడతారు.
గేటు తెరుచుకోదు. అయినా వస్తారు,
ఇంట్లో ఉంటే పిల్లలు చూస్తారని.
లోపల ఓ టాంకరు పొట్ట తెరిచినట్టే ఉంది.
కుట్టే చేతులకు కబురు లేదు.

స్తామాతిస్‌ని అక్కడే అడిగాను, ఒక్క ఫోటో అని.
"ఇరవయ్యారేళ్ళు వెల్డింగు మాస్కు వెనకున్న మొహం,
దీన్నేం తీస్తావు?
చేతులు తియ్యి. సరుకంతా అక్కడే ఉంది."
నేను వినలేదు.

పాత కెమెరా, రోలుకి పన్నెండే బొమ్మలు.
పదకొండు అప్పటికే ఎవరెవరికో అయిపోయాయి.
లంగరు గొలుసు మీద కూర్చోమన్నాను.
నవ్వొద్దన్నాను, ఆయనేదో నవ్వబోతున్నట్టు.
కాలరు గుండీ పెట్టుకున్నాడు,
తీసేశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
కదలకు అంటే
"ఏడాదిన్నరగా కదిలిందెక్కడ" అన్నాడు.
ఆ మాటకీ షట్టరుకీ మధ్య
కంటి కింద ఏదో సర్దుకుంది.
ఫిల్ము మీద పడింది అదే.

ఏథెన్స్‌లో, అరువు చీకటిగదిలో,
ఎర్ర దీపం కింద ట్రేలో
ముందు గుండీ తేలింది,
తర్వాత వేళ్ళ మీద నిప్పురవ్వల మచ్చలు,
ఆఖర్న కళ్ళు.
మా పత్రిక జీతాలాపి ఏడు నెలలు.
ఆ రాత్రి మాత్రం, నిజం చెప్పాలంటే, సంతోషించాను,
ఒక మనిషి కష్టం ఇంత బాగా వచ్చినందుకు.
సిగ్గు తర్వాత వచ్చింది,
తెల్లారి బస్సులో, గొట్టంలా చుట్టిన ప్రింటు
ఒళ్ళో పెట్టుకున్నప్పుడు.

ఇంకా పొయ్యిలోకి పోని బల్ల మీద పరిచారు.
ఎఫ్తిహియా చేతులు తుడుచుకుని
అంచులు మాత్రమే పట్టుకుంది.
చాలాసేపు చూసింది. బాగుంది అంది.
"ఉపాధి కార్డుకి ఫోటో తెమ్మన్నారు.
స్టూడియోలో ఎనిమిది యూరోలట."
ఆయన నా వైపు చూశాడు.
అడగలేదు. అడగనూలేదనలేను.
కత్తెరుందా, అన్నది నేనే.

పెన్సిలుతో తల చుట్టూ గీసుకుని
నాలిక పళ్ళ మధ్య నొక్కిపట్టి
ఇనప రేకు కోసినంత శ్రద్ధగా కోశాడు.
ఒక్క మూలా వంకర పోలేదు.
చాన్నాళ్ళకి చేతికి పని తగిలిన మనిషి
కోత అంచుని బొటనవేలితో తడిమి చూశాడు.
మిగిలింది నాకే ఇచ్చాడు,
సిమెంటు సంచి కాగితంలో చుట్టి.

ఇప్పుడది నా గోడకుంది.
కాలరు పైన చదరపు కన్నం,
అందులోంచి వెల్లవేసిన గోడ.
కింద లంగరు గొలుసు, గుండీ,
మోకాళ్ళ మీద ఆ రెండు చేతులు.

నెగెటివ్ ఉందిగా, మళ్ళీ వేయొచ్చుగా
అంటారు వచ్చినవాళ్ళు.
వేయొచ్చు.
మొహమేదీ అని అడిగితే మాత్రం
క్యూలో ఉందంటాను.