నోబిడ్

ముప్పై ఏళ్ళు ఆకు రంగు చెప్పి బతికాను.
మండె విప్పితే ఘాటు ముక్కుకెక్కేలోపే
బ్రైటు, మీడియం, మచ్చాకు
చేతులే కుప్పలు పోసేవి.
సువార్తమ్మ గ్రేడు చేసిన బేలు విప్పి చూడక్కర్లేదని
టంగుటూరు వేలంలో అనుకునేవాళ్ళట.

పోయినేడు రెండు బేళ్ళు వెనక్కొచ్చాయి.
నోబిడ్.
మేస్త్రీ మాలకొండయ్య పందిట్లో అందరి ముందూ
ఒక ఆకు నా మొహం మీద ఆడించి
"ఇదేం రంగు?" అన్నాడు.
నిమ్మపండు రంగన్నాను, గట్టిగానే.
పక్కనున్న ఆడపిల్లలు ఎవరూ నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.

నాకు ముందే తెలుసు.
రాత్రి బల్బుకు గుడి కట్టేది,
వానొస్తుందేమోలే అని నాలో నేనే నవ్వుకున్నాను.
బియ్యంలో రాయి కోడలి పంటికి తగిలాక
బియ్యం కొట్టువాణ్ణి తిట్టాను.
ఎవరో చెబితే పసరు పోయించుకున్నాను కూడా
ఒక్క చుక్క, తెల్లార్లూ మంట.

మేస్త్రీకి మనసు కుట్టిందేమో
తన బండి మీదే ఒంగోలు తీసుకుపోయాడు.
సూరారెడ్డిపాలెం దగ్గర ఎడమ నుంచి వచ్చిన గేదెను
మీదికొచ్చేదాకా చూడలేదు.
నేను చూశాను, నల్లగా, కొండలాగా
మసక కళ్ళదాన్ని.

అక్షరాలు రావన్నాను.
ఆ పిల్ల మూడు పళ్ళ దువ్వెన బొమ్మ చూపించి
పళ్ళు ఎటున్నాయో వేలు తిప్పమంది.
పైన దువ్వెన తెలిసింది.
కిందన్నీ పేలే.
శుక్లం, బాగా ముదిరింది, తీసేస్తే పోతుందంది.

"ఎటూ వచ్చారుగా, మీరూ కూర్చోండి" అంది మేస్త్రీని.
"నాకేం రోగం" అంటూ
ఆఖరి వరస దాకా గడగడా చదివాడు.
కంట్లోకి దీపం వేసి చూసి
ఆ పిల్ల మాట్లాడకుండా లేచి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

నీటికాసులు.
నొప్పుండదట, ఎదురుగా అంతా బాగానే ఉంటుందట,
గోనె అంచులు ఎలక కొరికినట్టు
పక్కల నుంచి చూపును తినుకుంటూ వస్తుందట.
పోయింది రాదు. మిగిలింది కాచుకోవాలి.
"ఏడాదికోసారైనా చూపించుకుని ఉంటే" అని
డాక్టరమ్మ సగంలో ఆపింది.

బ్యారన్ తలుపుకు ఎడమ భుజం కొట్టుకుని
వడ్రంగిని తిట్టేవాడు మాలకొండయ్య.
మేమంతా తాగాడనుకునేవాళ్ళం.

కట్టు విప్పిన రోజు మొదట నా చేతులే చూసుకున్నాను.
ఇంత నల్లగా జిగురు పట్టి ఉన్నాయని
ఎవరూ చెప్పలేదే!
తర్వాత గోడ మీద సున్నం. తెల్లగా ఉంది.
ఇన్నాళ్ళూ అది పాతబడిందనుకున్నాను.

సూదిలో దారం ఎక్కించడానికి
చెయ్యంతా చాచే రిబ్కమ్మను,
చక్కెరుందని నవ్వుతూ చెప్పుకునే శేషమ్మను
వచ్చే బుధవారం ఆటో ఎక్కిస్తున్నాను.
కూలి పోతుందంటున్నారు.
రెండు బేళ్ళ కథ మళ్ళీ చెప్పాను.

ఇప్పుడు మండె విప్పితే
మేస్త్రీకి ఎడమ పక్కన పీట వేసుకుంటాను.
పొద్దుగూకగానే చుక్కల సీసా గుర్తుచేస్తాను, విసుక్కుంటాడు.
అటు నుంచి ఎవరొస్తున్నా
ముందు నేనే దగ్గుతాను.