గొళ్లెం

సిరొంచల మా బడి మరాఠీ, ఇంటర్వెల్ తెలుగు.
హాజరు పుస్తకంల జక్కుల పోశాలు
జక్కులవార్ అయి కూసున్నడు.
పేరు పిలిస్తే మాత్రం
"ఉన్న బాయీ" అనే అంటడు,
అదీ బెంచీ మీద నిలబడి.

మొదటి నెల నేను ఎవ్వరినీ ఏమీ అనలే.
చిన్నప్పుడు మా గురూజీ చింతబరిగె
నా మెటికల మీద చెప్పిన ఎక్కాలు
ఇంకా సలుపుతయి, పదమూడోది మరీ.
అందుకే అనుకున్న:
నా తరగతిల ఏ చెయ్యీ వణకొద్దు.

వణకలే.
సుద్దముక్కలు ఎగిరినయి.
ఫ్యాను రెక్కకు ఎవరిదో చెప్పు
రెండు రోజులు వేలాడింది.
"వద్దు బిడ్డా" అన్న, "వద్దు నాయినా" అన్న,
నా వద్దులన్నీ ప్రాణహిత ఇసుకల పోసిన చెంబెడు నీళ్లు.
హెడ్మాస్టర్ కిటికీల నుంచి చూసి
మీసంల నవ్వుకుంట పోయిండు.

మూడో బెంచీల భారతి.
నోట్లె నాలుక లేని పిల్ల.
దాని పెన్సిలు దినాం ఇంతింత పొట్టిదైతాంది.
ఎవరో విరుస్తున్నరు, నేను చూస్తలేను.
ఓ పొద్దు చింతగింజంత ముక్కను
రెండు వేళ్ల కొసలతోటి పట్టుకొని
భాగాహారం చేస్తాంది, తల ఎత్తకుండ.
అప్పుడు ఎరుకైంది,
నా మెత్తదనానికి పైసలు ఎవరు కడుతున్నరో.

తెల్లారి బోర్డు మూలకు రాసిన:
ఇంకొకరిది ముట్టొద్దు.
ముడితే ఆ దినం ఖోఖో లేదు.
తెలుగుల రాసిన, మరాఠీల రాసిన,
తెల్వదని ఎవ్వరూ అనకుండ.

బుధవారం పోశాలు ముట్టిండు.
కంపాస్ డబ్బా, భారతిదే.
కేంద్ర పోటీలు ఇంక మూడు రోజులే,
మా జట్టుల ఉరికేటోడు వాడొక్కడే.
పిల్లలంత నా కొంగు చుట్టూ:
"ఒక్కసారి బాయీ, ఓడిపోతం బాయీ."
హెడ్మాస్టర్ సుత: "పోనీ తియ్యి."
నా లోపల ఒకామె పోనీ అనబోయింది.
గొంతు దాక వచ్చింది. మింగిన.

వాడు కిటికీ పక్కన కూసున్నడు.
నేను వాని పక్కన కూసున్న.
చాయ్ తాగలే, తిట్టలే, నీతి చెప్పలే.
బయట ఈలలు.
బెంచీ కింద వాని మడిమెలు ఉరుకుతనే ఉన్నయి.
ముక్కు చీదితే దస్తీ ఇచ్చిన.
తీసుకోలే, తోసెయ్యలే.
ఇద్దరి నడుమ అది అట్లనే పడి ఉన్నది.

గంటకు ముంగట, నా దిక్కు చూడకుండనే:
"రేపు?"
"రేపు ఆడుతవు."
"నిజంగ?"
"ఇయ్యాలటిది ఇయ్యాలనే."

తలుపుకు గొళ్లెం ఉండాలె, తాళం కాదు.
ట్రైనింగుల ఈ ముచ్చట ఎవ్వరూ చెప్పలే.
చెప్పిన్రేమో,
నేను నోట్సు రాసుకుంటున్నుంటి.

మరునాడు భారతి పెన్సిలును కండ్లతోనే కొలిచిన.
నిన్నటంతనే ఉంది.

శనివారం అంకీస పోరగాండ్లు మమ్ముల ఓడగొట్టిన్రు.
పోశాలు ఔటై వచ్చి కస్సుమని చూసిండు,
ఆ ఒక్క దినం ఉరకనియ్యనందుకే అన్నట్టు.
కావచ్చు.
నీళ్ల సీసా ఇచ్చిన.
సగం తాగి, మూత పెట్టకుండ నా చేతిల పెట్టిండు.
"మూత" అన్న.
పెట్టిండు.