కూసుండుడు

మా బడికి గ్రౌండు ఉన్నదని కాగితాలల్ల ఉంది.
పార్సిగుట్టల, పక్క ఫంక్షన్ హాలుకు లగ్గం పడ్డదంటే
అది కార్ల పార్కింగు.
తెల్లారి చమ్కీలు, వాడిన గులాబి రెక్కలు, మిఠాయి డబ్బాలు
ఏరి పారేసి
సున్నంతోని గీతలు కొడత.
గుంజలు రెండు. ఒకటి పాత నల్లా పైపు,
ఇంకోటి ఎప్పుడో ఆరిపోయిన లైటు స్తంభం.
నడుమ ఎనిమిది మంది ఆడపిల్లలు
ఒకరు అటు, ఒకరు ఇటు మొకం పెట్టి
మునికాళ్ళ మీద కూసుంటరు.

ఖోఖో ఖర్చు లేని ఆట.
హెడ్‌మాస్టరుకు అందుకే ఇష్టం.

తస్నీమ్ ఉరికితే దుమ్ము కూడ వెనకవడేది.
ఖో మాత్రం ఇయ్యకపోయేది.
"నేనే పట్టుకుంట మేడమ్" అనేది.
పట్టుకునేది కూడ, అబద్ధమెందుకు.
రెండేండ్లు ఆ పిల్ల కాళ్ళ మీదనే జోన్ దాకా పోయినం,
ఫోటోల కప్పు పట్టుకున్నది నేను.
అందుకే నోరు మూసుకున్న.

ఎస్తేరు ఆరో జాగల కూసునేది.
ఒకనాడు ఆట అయినంక
మోకాలి మన్ను దులుపుకుంట అడిగింది:
"మేడమ్, నేను ఇయ్యాల లేసిన్నా?"
నవ్వులాటకు కాదు. నిజంగనే యాది లేక.
బుక్కు తీసి చూసిన.
ఏడు నిమిషాలల్ల ఒక్కసారి కూడ లేదు.
గోడ లెక్క కూసున్నది పిల్ల,
గోడను ఎవరడుగుతరు కాళ్ళు తిమ్మిరెక్కినయా అని.

ఆ మాపు రాంనగర్ చేపల మార్కెట్ కాడ బస్సు ఆగిపోయింది.
ఆ వాసనల నిలబడి
నా చిన్ననాటి కోచ్ యాదికొచ్చిండు.
నాలుగేండ్లు నన్ను "ఏడో నంబర్" అనే పిలిచిండు.

తెల్లారి చెప్పిన:
ఇగ నేను పాయింట్లు రాయ,
ఎవరు ఎవరిని లేపిన్రో అదే రాస్త.
తస్నీమ్ మొకం మాడ్చుకుంది.
మూడు రోజులు రాలే.

నాలుగో రోజు భోలక్‌పూర్ గల్లీల ఇల్లు వెతుక్కుంట పోయిన.
ఇరానీ హోటళ్ళకు ఉల్లిగడ్డ సమోసాలు చుట్టే ఇల్లు.
అబ్బా మంచంల,
అమ్మీ పొయ్యి కాడ,
చిన్నోళ్ళు ముగ్గురు అడ్డం పడుకుంట.
తస్నీమ్ చేతులు ఆగుతలేవు,
మడుస్తున్నది, మైదా అతికిస్తున్నది, తట్టల పెడుతున్నది,
నిలవడే.
"బైఠ్ జా బేటా" అన్నది అమ్మీ నన్ను చూసి సిగ్గుపడి.
కూసోలే.

నేను ఇన్నేండ్లు పిల్లలకు లేసుడే నేర్పిన.
ఖో ఇచ్చినోళ్ళు ఆ జాగల కూసోవాలె గద,
ఆ సగం ఆట నాకే రాదు.
చెల్లె తెచ్చిన స్టూలు మీద కూసుని
ఆమె పక్కన ఓ ఇరవై సమోసాలు చుట్టిన.
వంకరటింకరగ.
వాటిని చూసి నవ్వింది.
ఆట ముచ్చట ఇద్దరం తియ్యలే.

విక్టరీ ప్లేగ్రౌండ్ల మ్యాచ్.
అవతలోళ్ళకు ఒక్క తీరు బూట్లు.
చివరి నిమిషం, ఒక్క పాయింటు తేడా.
తస్నీమ్ చెయ్యి చాపితే అందేటట్టే ఉన్నది ఆ పిల్ల,
చాపలే.
ఎస్తేరు వీపు తాకి "ఖో!" అన్నది,
తాకి, కూసున్నది.
ఎస్తేరు లేసింది.
అర సెకను ఆలస్యంగ లేసింది.
విజిల్ పడ్డది.

ఆటోల ఏడుగురం ఇరుక్కొని,
మిగిలినోళ్ళు వెనక ఆటోల.
ఎవరూ మాట్లాడుతలేరు.
చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద మూసీ గాలి కొట్టింది.
తస్నీమ్ వంగి
ఎస్తేరు పిక్క పిసుకుతున్నది:
"తిమ్మిరి పట్టిందా? ముందే చెప్పాలె గద.
ఈసారి జర జల్దీ తాకుత."

"ఓడిపోయిన్రంట?" అన్నడు హెడ్‌మాస్టరు.
"ఔ సార్.
సున్నం అయిపోయింది,
రెండు కిలోలు రాయుండ్రి."