కళాయి

రాత్రి పదకొండున్నర. ఏర్పేడు ల్యాబు.
కొలిమి తలుపు తీస్తే
పదకొండు వందల డిగ్రీల్లోంచి
నికెల్ బిళ్ళలు రెండు గాల్లోకొచ్చినాయి,
మాగిన బొప్పాయి రంగులో.

నూట నలభయ్యోసారి.
చెవి అటు పెట్టి నిలబడినాను.
మొదటిది
చిట్‌మనింది.
పైన పెచ్చు లేచిపోయింది.
మంటను ఓర్చుకున్నది
చల్లారడాన్ని ఓర్చుకోలేదు.

మా నాయన కాశింపీరా
చిత్తూరు గిరింపేటలో కళాయి వేసేవాడు.
ఇత్తడి గిన్నె కాల్చి, నవాసారం చల్లి,
తగరం తాకించి
దూదితో ఒక్క తుడుపు తుడిస్తే
గిన్నె లోపల తెల్లారేది.
స్టీలు సామాన్లొచ్చినాక
తిత్తి అటకెక్కింది. ముక్కులో నవాసారం ఘాటు మాత్రం
దిగలేదంటాడు.

మొన్న ఫోన్లో చెప్పినాను:
మేం పూసే అల్యూమినియం
తనే కాస్త తుప్పు పడుతుంది నాయనా,
ఆ సన్నటి తుప్పే
గాలిని లోపలికి పోనియ్యదు.

చాలాసేపు మాట్లాడలేదు.
"తుప్పునే కాపలా పెట్టినారా!"
నవ్వబోతే దగ్గొచ్చింది.
"మరి ఆ కాపలావాణ్ణి
కదలకుండా పట్టుకునేదెవురు పాపా?"

అదే నాయనా, ఆరు నెలలుగా
నేను వెతుకుతున్నది.

రెండో బిళ్ళ పూతలో ఇట్రియం కలిపినాను,
చారులో ఇంగువంత.
పెచ్చుకు అది వేళ్ళు మొలిపిస్తుందని
పుస్తకాల్లో ఉంది.
పుస్తకాల్లో చానా ఉంటాయి.

బొప్పాయి పోయి ఎరుపు,
ఎరుపు పోయి బూడిద.
అంతలో రేణిగుంట వైపు
గూడ్సు బండి, బోగీ తర్వాత బోగీ.

తొందరగా పోవే తల్లీ.
పడకూడని చప్పుడు ఒకటుంది,
అది పడలేదని
నేను వినాల.