అభ్యంతరం లేదు

రిప్పన్ బిల్డింగులో మెట్లకింది గది నాది.
రెండు బల్లజెండాలు, ఒక ఇస్త్రీపెట్టె,
అట్ట ఊడిన బహుమతుల రిజిస్టరు.
ఊరికి జెండా ఉండదని
ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.
దేశం జెండానే పెడతాం.
దాని పక్కన మూరెడు జాగాలో
ఊరు ఒదిగి కూర్చుంటుంది,
పెద్దింటి పెళ్ళిలో దూరపు చుట్టంలా.

ఊరికి సైన్యం లేదు, వీసా ముద్ర లేదు.
పొద్దున్నే ఎత్తాల్సిన చెత్త ఉంది,
వానొస్తే పోవాల్సిన నీళ్ళున్నాయి.

సముద్రాల అవతల ఒక రేవుపట్నం
మనతో చెలిమి కోరింది.
పదకొండు షరతుల కాగితం తయారైంది.
ముందు కోట గడప దాటాలి, ఆ తర్వాత ఢిల్లీ;
అక్కడెవరో "అభ్యంతరం లేదు" అనాలి.
ఆషాఢంలో వెళ్ళిన ఫైలు
కార్తీకానికీ తిరిగి రాలేదు.
తుఫాను మాత్రం ఎవర్నీ అడక్కుండా వచ్చింది.

గణేశపురం సబ్‌వేలో బస్సు
అద్దాలదాకా మునిగింది.
నమూనాకని వాళ్ళు ముందే పంపిన పంపు
హార్బరు గోదాములో, సీలు వేసిన పెట్టెలో ఉంది.
ఏ హోదాలో విప్పాలో ఎవరికీ తెలీదు.
ఇంజనీరు ఇళవరసి గడ్డపారతో విప్పింది.

పంపు మొరాయించింది.
ఫోను కలిపాం. అక్కడ అప్పుడే తెల్లారుతోందట.
మారెన్ అనే మెకానిక్కు
నిద్రగొంతుతో ఇంగ్లీషులో చెప్పింది,
ఇళవరసి వానమీదుగా తమిళంలో అరిచింది,
మొలలోతు నీళ్ళలో పెంచలయ్య
బామ్మర్దికి తెలుగులో అందించాడు:
"ఎడంపక్కకి రా. ఇంకొంచెం. పట్టు. ఒదులు."
మూడు భాషలు దాటేసరికి
మర్యాదలన్నీ రాలిపోయి
మాటలో పని ఒక్కటే మిగిలింది.

వాళ్ళ మూతి మన గొట్టానికి అతకలేదు.
పెంచలయ్య పాత లారీట్యూబు కోసి
బొటనవేలి కొలతతో వాషరు చేశాడు.
నీళ్ళు కదిలాయి.
ముందు బస్సు నంబరు తేలింది, తర్వాత చక్రాలు,
తర్వాత ఎవరిదో స్కూలు సంచి.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
(పిల్ల బతికే ఉంది. మర్నాడొచ్చి
సంచి తడిసిందని మమ్మల్నే తిట్టి పట్టుకెళ్ళింది.)

మాఘంలో సంతకాలు.
పది షరతులకు అభ్యంతరం లేదట,
పదకొండోది, ఆపదలో ఒకరికొకరు సాయం,
ఇంకా పరిశీలనలో ఉందట.
మేము తలాడించే తంజావూరు బొమ్మ ఇచ్చాం,
వాళ్ళు ఇత్తడి ఓడగంట ఇచ్చారు.
జెండాలకు రెండుసార్లు ఇస్త్రీ చేశాను.
పెంచలయ్యను పిలవమని రాసిన చీటీ
"ఏ హోదాలో?" అన్న ప్రశ్నతో వెనక్కొచ్చింది.

మారెన్ కూడా వచ్చింది ఆ బృందంతో.
ఫోటోల మధ్యలో జారుకుని నా గదికొచ్చి
రబ్బరు కోసిన మనిషెక్కడ అనడిగింది.
ఆఫీసు కారు అడగలేదు నేను.
ఆటోలో పులియాంతోపు.
గాజుగ్లాసుల్లో టీ.
ఒకరి భాష ఒకరికి రాదు,
చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు,
గోళ్ళ సందుల్లో దిగిన నలుపు
ఇద్దరికీ ఒకే చోట.
ఆ వాషరు కావాలంది, కోటు జేబులో వేసుకుంది.

ఆ సాయంత్రం రిజిస్టరులో రాశాను:
రబ్బరు వాషరు, ఒకటి.
ఇచ్చినవారు: చెన్నపట్నం.
విలువ:
అక్కడ కలం ఆగింది. ఇంకా ఖాళీయే.

మొన్న ఆశ్వయుజంలో వాళ్ళ నదికి గట్టు తెగింది.
రాత్రి రెండున్నరకి
పెంచలయ్య ఫోను మోగింది.
మధ్యలో ఇళవరసి లేదు, నేను లేను.
తెలుగులోనే చెప్పాడట,
ఫోను ముందు చెయ్యి తిప్పి చూపిస్తూ:
"ఎడంపక్కకి తల్లీ. ఇంకొంచెం. పట్టు."

ఆమెకేం అర్థమైందయ్యా అన్నాను.
"ఏమో సార్,
కాసేపటికి అవతల నీళ్ళ చప్పుడు మారింది."